మీకు తెలుసా? పేరు మారినా ఫైలు కదలదు

ఫైలు పేరు మార్చడం, దాన్ని ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు పంపడం కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరికీ రోజూ ఉండే పనే. పెళ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఆఫీసు లెక్కలు, దేనికైనా ఇది తప్పదు. మౌస్‌తో లాగి వదిలేస్తే పని అయిపోతుంది కాబట్టి లోపల ఏం జరిగిందో మనం చూడం. అదే పనిని టెర్మినల్‌లో కమాండ్ టైప్ చేసి చేస్తే లోపలి సంగతులు ఒక్కొక్కటే బయటపడతాయి. ఈ చిన్న పని వెనక యాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. తెలుగు అక్షరాలకు సంబంధించిన విశేషాలూ ఉన్నాయి, తెలియకపోతే ఫైళ్లు పోగొట్టుకునే ప్రమాదాలూ ఉన్నాయి. అవేమిటో చూద్దాం.

1. ఈ కమాండ్ 1971 నాటిది

యూనిక్స్, లైనక్స్, మ్యాక్‌లలో ఫైలు పేరు మార్చే కమాండ్ ఎం, వీ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు. 'మూవ్' అనే మాటకు అది పొట్టి రూపం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, మరే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. 1971 నవంబరు 3 తేదీతో వచ్చిన యూనిక్స్ తొలి మాన్యువల్‌లోనే ఈ ఎంవీ ఉంది. ముందు కమాండ్, తర్వాత పాత పేరు, ఆ తర్వాత కొత్త పేరు: ఈ వరస నేటికీ మారలేదు.

2. రెండే అక్షరాలు ఎందుకంటే...

ఆ రోజుల్లో కంప్యూటర్‌తో మాట్లాడటానికి తెర ఉండేది కాదు. టెలిటైప్ అనే యంత్రం ఉండేది. మనం టైప్ చేసిందీ, కంప్యూటర్ ఇచ్చిన జవాబూ కాగితం మీద అచ్చయ్యేవి. ఎక్కువగా వాడిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలే అచ్చు వేయగలిగేది. దాని మీటలు గట్టిగా నొక్కాలి. అందుకే ఎక్కువగా వాడే కమాండ్లలో చాలావాటిని రెండక్షరాలకు కుదించారు. కాపీకి సీపీ, తుడిచేయడానికి ఆర్ఎం, జాబితాకు ఎల్ఎస్ అలా వచ్చినవే.

3. ఫైలు పేరు ఫైలులో ఉండదు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ప్రతి ఫైలుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యతో గుర్తించే చిన్న రికార్డును ఐనోడ్ అంటారు. ఫైలు ఎంత పెద్దది, యజమాని ఎవరు, ఎప్పుడు మార్చారు, సమాచారం డిస్క్‌లో ఎక్కడ ఉంది అన్నవన్నీ ఐనోడ్‌లో ఉంటాయి. పేరు మాత్రం ఉండదు. పేరు ఉండేది ఫోల్డర్‌లో. ఫోల్డర్ అంటే నిజానికి ఒక చిట్టా. 'ఈ పేరు, ఫలానా సంఖ్య' అనే వరసలే అందులో ఉంటాయి. తొలి యూనిక్స్‌లో ఆ చిట్టాలోని ఒక్కో వరస 10 బైట్లే: సంఖ్యకు 2, పేరుకు 8.

మన అడంగల్‌నో, పహాణీనో గుర్తు తెచ్చుకోండి. పొలం చేతులు మారితే రికార్డులో పేరు మారుతుంది. సర్వే నంబరు అదే ఉంటుంది, గట్లు ఉన్నచోటే ఉంటాయి, మట్టి అంగుళం కూడా కదలదు. ఫైలు పేరు మార్చడమూ అంతే. చిట్టాలో ఒక వరస కొట్టేసి మరో వరస రాయడం తప్ప ఫైలులోని ఒక్క అక్షరాన్నీ ఎవరూ ముట్టుకోరు.

4. పేరు మార్చడానికీ, చోటు మార్చడానికీ ఒకటే కమాండ్

కొత్తగా నేర్చుకునేవారికి వచ్చే మొదటి సందేహం ఇదే: రీనేమ్‌కు వేరే కమాండ్ లేదా? అక్కర్లేదు. ఒకే ఫోల్డర్‌లో పేరు మారితే ఒకే చిట్టాలో దిద్దుబాటు. వేరే ఫోల్డర్‌కు పంపితే ఒక చిట్టాలో కొట్టేసి ఇంకో చిట్టాలో రాయడం. కంప్యూటర్ దృష్టిలో రెండూ ఒకే పని. అందుకే ఎంవీ ఒక్కటే రెండిటికీ సరిపోయింది.

5. చిన్న ఫైలుకైనా, సినిమాకైనా పట్టే సమయం ఒకటే

ఒకే డిస్క్‌లో, ఒకే పార్టిషన్‌లో (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగంలో) 1 కేబీ ఉత్తరాన్ని కదిపినా, 50 జీబీ వీడియోను కదిపినా కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. కారణం పైన చెప్పుకున్నదే. అదే పెన్ డ్రైవ్‌కో, వేరే పార్టిషన్‌కో పంపితే చాలాసేపు పడుతుంది. రెండు వేర్వేరు డిస్క్‌ల చిట్టాల్లో ఒకదాని సంఖ్యలు మరోదానిలో చెల్లవు. కాబట్టి ఎంవీ ముందు మొత్తం కాపీ చేసి, తర్వాత పాతదాన్ని తుడిచేస్తుంది. పేరు 'మూవ్' అయినా అక్కడ జరిగేది కాపీ, తుడిచివేత. మధ్యలో పెన్ డ్రైవ్ లాగేస్తే అక్కడ సగం ఫైలే మిగలవచ్చు. విలువైన ఫైళ్లను వేరే డిస్క్‌కు పంపేటప్పుడు ముందు కాపీ చేసి, సరిచూసుకుని, ఆ తర్వాతే పాతది తీసేయడం మేలు.

6. చదవలేని ఫైలు పేరును కూడా మార్చగలరు

ఒక ఫైలును తెరవడానికి గానీ, అందులో రాయడానికి గానీ మీకు అనుమతి లేదనుకుందాం. అయినా అది ఉన్న ఫోల్డర్‌లో రాసే అనుమతి ఉంటే దాని పేరు మార్చవచ్చు. పేరు ఫోల్డర్ చిట్టాలో ఉంది కదా! అందుకే అందరూ వాడుకునే తాత్కాలిక ఫోల్డర్లకు 'స్టికీ బిట్' అనే ప్రత్యేక గుర్తు పెడతారు. అది ఉంటే అందులో ఎవరి ఫైలు పేరును వారే మార్చగలరు.

7. ఫైలు తెరిచి ఉండగానే పేరు మార్చినా పని ఆగదు

లైనక్స్ సర్వర్లలో రోజంతా లాగ్ ఫైళ్లు, అంటే ఎప్పుడేం జరిగిందో నమోదు చేసే ఫైళ్లు, రాస్తూ ఉండే ప్రోగ్రాములు ఉంటాయి. అవి నడుస్తుండగానే ఆ ఫైలు పేరు మార్చేయవచ్చు. ప్రోగ్రాము ఫైలును ఒకసారి తెరిచాక పట్టుకునేది పేరును కాదు, ఐనోడ్‌ను. కాబట్టి కొత్త పేరున్న ఫైలులోనే రాస్తూ పోతుంది. పాత లాగ్‌కు తేదీ తగిలించి పక్కన పెట్టే పద్ధతి అంతా దీని మీదే నిలిచింది. విండోస్‌లో సాధారణంగా ఇలా కుదరదు. 'ఈ ఫైలు వేరే ప్రోగ్రాములో తెరిచి ఉంది' అనే హెచ్చరిక మనలో చాలామందికి పరిచయమే.

8. 1983లో వచ్చిన ఒక మార్పు మన ఫైళ్లను ఇప్పటికీ కాపాడుతోంది

మొదట్లో యూనిక్స్‌లో పేరు మార్చడం రెండంచెల్లో జరిగేది. ముందు కొత్త పేరు తగిలించాలి, తర్వాత పాత పేరు తీసేయాలి. కొత్త పేరుతో అప్పటికే ఒక ఫైలు ఉంటే దాన్ని అంతకంటే ముందే తొలగించాలి. సరిగ్గా ఆ మధ్యలో కరెంటు పోతే ఆ పేరుతో ఏ ఫైలూ మిగలదు. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ నుంచి వచ్చిన 4.2 బీఎస్‌డీ 'రీనేమ్' అనే సిస్టమ్ కాల్‌తో, అంటే ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేరుగా అడిగే సేవతో, ఈ లోటు తీర్చింది. అప్పటి నుంచి ఒక ఫైలు స్థానంలోకి మరొకటి ఒకే దెబ్బతో వస్తుంది. చూసేవారికి పాత ఫైలైనా కనిపిస్తుంది, కొత్త ఫైలైనా కనిపిస్తుంది. ఏదీ లేని క్షణం ఉండదు.

జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు నేటికీ ముఖ్యమైన ఫైళ్లను ఇలాగే భద్రపరుస్తాయి. మార్పులను ముందు ఒక తాత్కాలిక ఫైలులో రాసి, అది డిస్క్‌కు చేరిందని రూఢి చేసుకుని, చివరగా దానికి అసలు పేరు పెడతాయి. మీరు 'సేవ్' నొక్కినప్పుడు తెర వెనక జరిగేది చాలాసార్లు ఒక పేరు మార్పే.

9. రెండు ఫైళ్ల పేర్లు ఒకదానికొకటి మార్చాలంటే మూడో పేరు కావాలి

రెండు గ్లాసుల్లో పాలూ నీళ్లూ తారుమారు చేయాలంటే మూడో గ్లాసు కావాలి. ఫైళ్లకూ అంతే: మొదటిదానికి తాత్కాలికంగా ఒక పేరు, రెండోదానికి మొదటిదాని పేరు, చివరగా తాత్కాలిక పేరుకు బదులు రెండోదాని పేరు. దశాబ్దాలపాటు ఇదే దారి. 2014లో లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ 3.15 వెర్షన్ ఒకే దెబ్బతో పేర్లు తారుమారు చేసే వీలు కల్పించింది. 2024లో వచ్చిన గ్నూ కోర్‌యుటిల్స్ (లైనక్స్‌లో ఎంవీ వంటి కమాండ్ల సంపుటి) 9.5తో అది ఎంవీలో 'ఎక్స్ఛేంజ్' అనే ఆప్షన్‌గా అందరి చేతికీ వచ్చింది. 1971 నాటి కమాండ్ ఇప్పటికీ కొత్త పనులు నేర్చుకుంటూనే ఉంది.

10. ఒకప్పుడు కొత్త పేరే ముందు రాసేవారు

1970ల్లో గ్యారీ కిల్డాల్ రూపొందించిన సీపీ/ఎం వ్యవస్థలో పేరు మార్చే రెన్ కమాండ్ వరస తిరగబడి ఉండేది. ముందు కొత్త పేరు, సమానం గుర్తు, తర్వాత పాత పేరు. విండోస్‌కు ముందు తరం డాస్‌లో అది పాతది ముందు, కొత్తది తర్వాతగా మారింది. ఇంకో విశేషం ఏమిటంటే ఎంఎస్-డాస్‌లో పేరు మార్చే కమాండ్ మొదటి నుంచీ ఉన్నా, చోటు మార్చే మూవ్ కమాండ్ 1993లో 6.0 వెర్షన్‌తో గానీ రాలేదు. అంతవరకు కాపీ చేసి, పాతది చేత్తో తుడిచేసుకోవడమే.

11. 'కాన్' అనే పేరు ఎందుకు పెట్టలేం?

విండోస్‌లో సీ, ఓ, ఎన్ అక్షరాలతో ఫోల్డర్ సృష్టించలేమనీ, ఈ సంగతి ఒక భారతీయుడు కనిపెట్టాడనీ, కారణం బిల్ గేట్స్‌కే తెలియదనీ ఒక ఈమెయిల్ మన దేశంలో ఏళ్ల తరబడి చక్కర్లు కొట్టింది. అందులో పేరు పెట్టలేమన్నది నిజం. కారణం తెలియదన్నది మాత్రం నిజం కాదు. కాన్ అంటే కన్సోల్, అంటే కీబోర్డు, తెర. 1981 నాటి తొలి డాస్‌లో ఫోల్డర్లే లేవు. కన్సోల్, ప్రింటర్ వంటి పరికరాలకు కాన్, పీఆర్ఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్ అనే పేర్లు కేటాయించారు. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చాక, పాత ప్రోగ్రాములు పనిచేయడం కోసం ఆ పేర్లు ప్రతి ఫోల్డర్‌లోనూ పరికరాలకే చెందేలా ఉంచేశారు. ఆ వారసత్వమే విండోస్‌కు వచ్చింది.

12. నక్షత్రం గుర్తు రెండు చోట్ల రెండు రకాలు

డాస్‌లో 'స్టార్ డాట్ టీఎక్స్‌టీ'లన్నిటినీ 'స్టార్ డాట్ బీఏకే'లుగా మార్చమంటే మారుస్తుంది. లైనక్స్‌లో అదే రాస్తే పని జరగదు. అక్కడ నక్షత్రం గుర్తును విడదీసేది ఎంవీ కాదు, దానికంటే ముందు షెల్, అంటే మనం టైప్ చేసిన కమాండ్‌ను చదివి నడిపే ప్రోగ్రాము. షెల్ ఆ గుర్తు స్థానంలో ఫోల్డర్‌లో దానికి సరిపోయే ఫైళ్ల పేర్లన్నీ నింపి, ఆ జాబితాను ఎంవీకి అందిస్తుంది. సరిపోయే ఫైళ్లు ఉంటే ఎంవీకి నక్షత్రం కనిపించనే కనిపించదు.

ప్రమాదం ఇక్కడే ఉంది. ఫోల్డర్‌లో సరిగ్గా రెండే టెక్స్ట్ ఫైళ్లు ఉన్నాయనుకోండి. మీరు ఎంవీ, స్టార్ డాట్ టీఎక్స్‌టీ అని రాసి, ఎక్కడికి పంపాలో రాయడం మరిచి ఎంటర్ నొక్కారు. షెల్ రెండు పేర్లు నింపుతుంది. ఎంవీ మొదటిదానికి రెండోదాని పేరు పెట్టేస్తుంది. రెండో ఫైలు చెప్పాపెట్టకుండా పోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నక్షత్రం వాడే ముందు కమాండ్‌కు మొదట 'ఎకో' అని తగిలిస్తారు. అప్పుడు పని జరగదు. జరగబోయే కమాండ్ మాత్రం తెర మీద కనిపిస్తుంది. చూసుకుని, సరే అనిపించాక ఎకో తీసేసి నడుపుతారు.

13. లేని ఫోల్డర్‌కు పంపితే ఫైలే ఆ పేరు పెట్టుకుంటుంది

ఒక ఫోటోను 'పాతవి' అనే ఫోల్డర్‌కు పంపాలనుకున్నారు. ఆ ఫోల్డర్ ఇంకా సృష్టించలేదు. ఎంవీ తప్పు చూపించదు, ఫోటో పేరునే 'పాతవి' అని మార్చేస్తుంది. వంద ఫోటోలను ఒకదాని తర్వాత ఒకటి ఇలా పంపితే ప్రతిదీ ముందుదాన్ని మింగేస్తుంది, చివరిది ఒక్కటే మిగులుతుంది. దీనికి మందు ఒకే ఒక్క గుర్తు. ఫోల్డర్ పేరు చివర ఏటవాలు గీత, అంటే స్లాష్ పెట్టండి. అప్పుడు ఫోల్డర్ లేకపోతే ఎంవీ పని ఆపి ఆ మాట చెబుతుంది.

14. పేరు మొదట చుక్క పెడితే ఫైలు దాక్కుంటుంది

యూనిక్స్‌లో చుక్కతో మొదలయ్యే పేర్లు మామూలు జాబితాలో కనబడవు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ చెప్పిన ప్రకారం ఇది ఎవరూ కావాలని పెట్టింది కాదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఉండే ఒక చుక్క, రెండు చుక్కల పేర్లను జాబితాలో దాచడానికి, పేరు చుక్కతో మొదలైతే చాలు వదిలేయమని ప్రోగ్రాములో రాశారు. దాంతో చుక్కతో మొదలయ్యే పేర్లన్నీ దాక్కున్నాయి. తర్వాత సెట్టింగుల ఫైళ్లన్నిటినీ అలాగే దాచడం అలవాటైంది. హైఫన్‌తో మొదలయ్యే పేరుది వేరే ఇబ్బంది: ఎంవీ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. పేరుకు ముందు రెండు హైఫన్లు విడిగా రాస్తే ఆ చిక్కు తీరుతుంది.

15. తెలుగులో ఫైలు పేరు పెట్టగలగడం వెనక ఒక రాత్రి భోజనం ఉంది

యూనిక్స్‌లో ఫైలు పేరులో ఉండకూడనివి రెండే: స్లాష్, నల్ అనే సున్నా బైటు. ప్రపంచ భాషలన్నిటినీ కంప్యూటర్‌లో రాయడానికి మొదట వచ్చిన పద్ధతుల్లో ఒక అక్షరం తాలూకు బైట్లలో స్లాష్ బైటు కూడా వచ్చేది. అప్పుడు అక్షరం మధ్యలో కంప్యూటర్‌కు ఫోల్డర్ కనిపిస్తుంది. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, బల్ల మీద పరిచే కాగితంపై, కెన్ థాంప్సన్ కొత్త పద్ధతిని గీశారు. పక్కన రాబ్ పైక్ ఉన్నారు. అదే నేటి యూటీఎఫ్-8. అందులో ఇంగ్లిష్‌కు బయటి ఏ అక్షరంలోనూ స్లాష్ గానీ, నల్ గానీ పొరపాటున కూడా రావు. యూనిక్స్‌కు పునాది వేసిన మనిషే, ఆ యూనిక్స్‌లో 'అమ్మ ఉత్తరాలు' అని తెలుగులో ఫోల్డర్ పేరు పెట్టుకునే దారి కూడా వేశారన్నమాట.

16. లైనక్స్‌లో తెలుగు పేరుకు హద్దు 85

లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో పేరుకు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు కావాలి. గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ కూడా విడిగా మూడేసి. 'స్త్రీ' మనకు ఒకే అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిపి ఆరు సంకేతాలు, 18 బైట్లు. 'హైదరాబాద్' 27 బైట్లు. మొత్తం పేరులో 85 సంకేతాలే పడతాయి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఈ లెక్క బైట్లలో కాదు కాబట్టి 255 తెలుగు సంకేతాల వరకు వీలుంటుంది. అక్కడ పెట్టిన పొడవాటి తెలుగు పేరు లైనక్స్‌కు తెచ్చేసరికి 'పేరు మరీ పొడవు' అనే తప్పు రావడానికి ఇదే కారణం.

17. ఒకేలా కనిపించే 'హైదరాబాద్'లు రెండు ఉండవచ్చు

ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. 'ై' అనే ఒకే సంకేతంగా ఒకటి, ఎత్వం, దాని కింద 'ౖ' అనే గుర్తు కలిపి రెండు సంకేతాలుగా మరొకటి. కంటికి రెండూ ఒకటే. యూనికోడ్ కూడా రెండూ సమానమనే చెబుతుంది. కానీ లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లు మామూలుగా బైట్లను ఉన్నవున్నట్టే పోలుస్తాయి. కాబట్టి ఒకే ఫోల్డర్‌లో రెండు 'హైదరాబాద్' ఫైళ్లు ఉండటం సాధ్యమే. ఆపిల్ 1998లో తెచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఇలాంటి అక్షరాలను విడదీసే దాచేది. ఆ మ్యాక్‌ల నుంచి వచ్చిన తెలుగు ఫైలును లైనక్స్‌లో పేరు టైప్ చేసి వెతికితే దొరకకపోతే, ఐత్వం ఉందేమో చూడండి.

18. తెలుగు పేర్లకు ఒక చిక్కు అసలే లేదు

ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఉన్నాయి. లైనక్స్‌కు అవి వేర్వేరు పేర్లు. విండోస్, మ్యాక్ మామూలుగా వాటిని ఒకే పేరుగా చూస్తాయి. ఒకచోట రెండుగా ఉన్న ఫైళ్లు మరోచోట ఒకటి అయిపోవడం ప్రోగ్రామర్లకు తెలిసిన తలనొప్పే. మన లిపిలో పెద్దా చిన్నా తేడా లేదు కాబట్టి తెలుగు పేర్లకు ఈ బాధ లేదు.

19. చెత్తబుట్ట లేదు, వెనక్కి తిప్పడమూ లేదు

ఎంవీ ఒక ఫైలు మీద మరో ఫైలును కూర్చోబెడితే పోయినది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. వెనక్కి తిప్పే మీట కూడా లేదు. అందుకే దానికి కొన్ని రక్షణలు ఇచ్చారు. కమాండ్ తర్వాత హైఫన్, ఐ అని రాస్తే ఆ పేరుతో ఫైలు అప్పటికే ఉంటే అడిగి గానీ ముందుకు పోదు. హైఫన్, ఎన్ అంటే ఉన్న ఫైలును ముట్టుకోదు. హైఫన్, వీ అంటే ఏది ఏదిగా మారిందో చూపిస్తుంది. గ్నూ ఎంవీలో హైఫన్, బీ అంటే పాతదాన్ని పేరు చివర ఒక గుర్తుతో దాచి ఉంచుతుంది. ఖాళీ ఉన్న పేర్లను కొటేషన్ గుర్తుల మధ్య రాయండి. లేకపోతే 'పెళ్లి ఫోటోలు' అన్నది 'పెళ్లి', 'ఫోటోలు' అనే రెండు పేర్లుగా విడిపోతుంది.

ఇవాళే ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకుని, అందులో నాలుగైదు పనికిరాని ఫైళ్లు వేసి, తెలుగు పేర్లు పెట్టి, మార్చి, పంపి చూడండి. పోయినా ఫరవాలేని ఫైళ్ల మీద పది నిమిషాలు సాధన చేస్తే, పోగొట్టుకోకూడని ఫైళ్ల దగ్గర చెయ్యి తడబడదు. నక్షత్రం గుర్తు రాసిన ప్రతిసారీ ముందు ఎకో, ఫోల్డర్ పేరు చివర ఎప్పుడూ స్లాష్, ఎంవీ పక్కన హైఫన్ ఐ. ఈ మూడూ అలవాటు చేసుకోండి.